బండి ఆగిన చోట్లు

పాపకు జ్వరం ఎప్పుడు వచ్చింది, ఎంత వచ్చింది, ఏ మందు ఎంత పట్టాను అని రాసుకోవడానికి ఒక నోటుబుక్కు కొనుక్కున్నాను. పోయిన ఏడాది పత్తి సీజనులో ఆ పుస్తకాన్ని తిరగేసి, చివరి పేజీ నుంచి ముందుకు ఇంకొకటి రాయడం మొదలుపెట్టాను. బండి ఎక్కడ ఆగింది, ఎంత దూరం పోయాక ఆగింది, ఎండలోనా చల్లపూటా, ట్యాంకులో పెట్రోలు ఎంత ఉంది, మళ్లీ ఎన్ని కిక్కులకు లేచింది. మా ఆయన చూసి నవ్వాడు.

"దానికీ జ్వరం సూస్తాండావా మే?"

నేను నవ్వలేదు. పాపకు అప్పుడు రెండేళ్లు. ఒంట్లో వేడి ఒక్కసారిగా పెరిగితే ఫిట్స్ వస్తాయి. అప్పటికి రెండుసార్లు వచ్చాయి. మొదటిసారి నా ఒళ్లోనే, పెరుగన్నం తినిపిస్తుంటే. కళ్లు పైకి తేలిపోయాయి, పిడికిళ్లు బిగుసుకున్నాయి, నేను పిలుస్తున్న పిలుపు దానికి అందలేదు. రెండు నిమిషాలు కూడా లేదని తర్వాత అందరూ అన్నారు. ఉండకపోవచ్చు. ఆదోనిలో పిల్లల డాక్టరు ఓపిగ్గా చెప్పాడు. చాలామంది పిల్లలకు ఇట్లా వస్తుందమ్మా, పెద్దయ్యే కొద్దీ పోతుంది, భయపడొద్దు, జ్వరం తగలగానే తీసుకురండి అన్నాడు. అన్ని మాటల్లో నేను గట్టిగా పట్టుకున్నది చివరిదే. తీసుకురండి.

దేని మీద తీసుకుపోవాలి అన్నదే నా దిగులు. ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి పోయే రోడ్డు మీద మా ఊరు లేదు. రోడ్డు దిగి నాలుగు కిలోమీటర్లు లోపలికి రావాలి. బస్సు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఆటో నిండితే గానీ కదలదు. ఫోన్ చేస్తే అంబులెన్సు వస్తుంది, కానీ అది వచ్చేదాకా వాకిట్లో నిలబడే గుండె నాకు లేదు. మిగిలింది మా బండి. పెళ్లికి ముందు మా ఆయన నందవరంలో ఎవరి దగ్గరో కొన్న పాత బండి. బటన్ నొక్కితే లేచేది కాదు, కిక్కు కొట్టాలి. ఇప్పటి కొత్త బండ్లలో పెట్రోలు ఎంత పోవాలో ఒక చిన్న కంప్యూటరు చూసుకుంటుందట. మాదానికి ఉన్నది కార్బొరేటరు. గాలీ పెట్రోలూ కలిసే చోటు. గుప్పెట్లో పట్టేంత వస్తువు.

మా ఆయన పని ఆదోనిలో, పత్తి మిల్లులో. సీజనులో ఇంటికి వచ్చేసరికి కనుబొమ్మలు తెల్లగా ఉంటాయి. బండి రోజంతా మిల్లు ఆవరణలో నిలబడి ఉంటుంది కాబట్టి దాని మీదా దూది నూగే. ఆ సీజను మొదట్లో బండి నడుమ నడుమ తడబడుతూ మిస్సింగ్ కొట్టడం మొదలుపెట్టింది. ఒక ఆదివారం ఆయన కార్బొరేటరు ఊడదీసి వాకిట్లో కూర్చున్నాడు. నేను పాపను చంకన వేసుకుని పక్కనే నిలబడ్డాను.

కింది గిన్నె విప్పితే, పెట్రోలు అడుగున కాస్త మట్టీ, వేలెడు పొడవు దూది పోగూ కనిపించాయి. పెట్రోలు సన్నగా చిమ్మే ఇత్తడి జెట్టును రెండు వేళ్ల నడుమ పట్టుకుని ఊదాడు. దాని బొక్క సూది మొనంత ఉంటుంది. ఎత్తి పట్టుకుని, "దీంట్లో నుంచి ఆకాశం కనపడాల. అప్పుడు బాగున్నట్ల," అన్నాడు. పాపకూ చూపించాడు. దానికి ఒక కన్ను మూయడం రాదు. రెండూ మూసుకుని చూసి, "ఆ" అంది.

మా అత్త గడప మీద కూర్చుని ఇదంతా గమనిస్తూ ఉంది.

"ఏమప్పా, ఆ సామాన్లు పెట్టుకున్నావే, ఆ తట్ట నేను అన్నం తినేది."

"కడిగి ఇస్తాలేమ్మా."

"పెట్రోలు వాసన కడిగితే పోతాదా? రేపు నన్ను గూడా కిక్కు కొట్టి లేపుతారేమో."

ఆ దూది లోపలికి ఎట్లా పోయిందని వెతికితే దారి దొరికింది. ట్యాంకు మూత కింద ఉండే రబ్బరు ఎండిపోయి, చిట్లి, సగం రాలిపోయి ఉంది. మూత వదులైంది. మా ఆయన కొత్తది తెస్తానన్నాడు. తెస్తానన్నవి ఆయన ఎప్పుడు తెస్తాడో నాకు తెలుసు. ఆ సాయంత్రమే నేను పాత సైకిలు ట్యూబు ఒకటి వెతికి, మూతను దాని మీద బోర్లించి బాల్‌పెన్నుతో గుండ్రంగా గీసి, కత్తెరతో కోశాను. మూత లోపల అచ్చంగా సరిపోయింది. బిగిస్తే బిర్రుగా పట్టింది. దూది కాదు కదా, గాలి కూడా దూరదు అనుకున్నాను.

"బలే కోసినావు మే. కొత్తది కొన్నా ఇంత బాగుండదు," అన్నాడు ఆయన. ఆ మాటకు రెండు రోజులు పొంగిపోయాను.

ఆ వారంలోనే బండి ఆగడం మొదలైంది.

ముందు మాదిరి మిస్సింగ్ కొట్టడం కాదు. బాగా పోతూ పోతూ, ఎవరో వెనక నుంచి లాగుతున్నట్టు జోరు తగ్గి, రెండు మూడు సార్లు ముక్కి, ఆగిపోయేది. ఆయన దిగి మూత తీసి, ట్యాంకు ఊపి పెట్రోలు ఉందో లేదో చూసి, చోక్ వేసి కిక్కు కొడితే లేచేది. ఇంకో ఏడెనిమిది కిలోమీటర్లు పోయి మళ్లీ ఆగేది. మళ్లీ దూదే అనుకున్నాడు. వరసగా నాలుగు ఆదివారాలు కార్బొరేటరు ఊడదీశాడు. ఒక్క పోగు కూడా దొరకలేదు. దొరకనందుకు స్క్రూలు తిప్పాడు. గాలి స్క్రూ ఇటు తిప్పాడు, అటు తిప్పాడు, ఆగిపోకుండా ఉండాలని రైజింగ్ పెంచాడు. నిలబెట్టినప్పుడు బండి పిండిమర మాదిరి అరిచేది. ఎమ్మిగనూరులో ఒకరికి చూపిస్తే ప్లగ్గు మార్చారు. ఇంకొకరు మళ్లీ కార్బొరేటరే కడిగారు. వాళ్ల షాపు ముందర నిలబెట్టి ఎంతసేపు ఆన్‌లో ఉంచినా ఆగేది కాదు. రోడ్డెక్కితే ఆగేది.

"మొగునికి బండి పిచ్చి, పెండ్లానికి బిడ్డ పిచ్చి. నడుమ నాకు పట్టేట్టుండాది," అనేది మా అత్త.

నా నోటుబుక్కులో వెనక పేజీలు నిండుతున్నాయి. ఒక రోజు మాత్రం ఏం రాయాలో తెలియక పెన్ను పట్టుకుని కూర్చున్నాను. ఆయన ఎప్పుడూ రెండు లీటర్లే పోయిస్తాడు. పాపకు జ్వరం వచ్చినప్పుడు పెట్రోలు కూడా అయిపోతే ఎట్లా అని, ట్యాంకు నిండా పోయించమని గొడవ చేశాను. పోయించాడు. ఆ రోజు ఊరి పొలిమేర దాటకముందే ఆగిందట. ఆదోని చేరేలోపల ఎన్నిసార్లు ఆగిందో ఎంచడం మానేశాడట. తక్కువ ఉన్న రోజుల్లో ఎక్కువ దూరం పోతుంది, నిండా ఉంటే పోనంటుంది.

"ఇది తిక్కల బండి మే. కడుపు నిండితే పనికి రాదు," అన్నాడు.

నోటుబుక్కులో అదే రాశాను. నిండా ఉన్నప్పుడు తొందరగా ఆగింది. కారణం తెలియదు.

తర్వాత వారం ఒక మధ్యాహ్నం పాప ఒళ్లు కాలింది. నూట ఒకటి దాటింది. మందు పట్టి, తువ్వాలు తడిపి తీసుకుని బయలుదేరాం. ఆయనకు ఆ రోజు పని లేక, బండి ఇంటి దగ్గరే ఉండడం అదృష్టం. మెయిన్ రోడ్డు ఎక్కి కొంత దూరం పోయామో లేదో, ఆ ముక్కుడు మొదలైంది. నాకు బాగా తెలిసిన ముక్కుడు. ఆయన నడుం పట్టుకున్న నా చెయ్యి బిగుసుకుంది. బండి పక్కకు ఒరిగి ఆగింది. అటూ ఇటూ పత్తి చేలు, ఒక్క కానుగ చెట్టు. ఆ చెట్టు కింద నిలబడి పాప తల తడిగుడ్డతో తుడుస్తూ దాని కళ్లలోకే చూస్తున్నాను. అవి పైకి తేలుతాయేమో అని. ఆయన మూత తీశాడు, చూశాడు, మూశాడు, కిక్కు కొట్టాడు. ఆ రోజు తొందరలో వరసగా కిక్కులు కొట్టేసరికి పెట్రోలు ఎక్కువై ప్లగ్గు తడిసినట్టుంది, ఎంతకీ లేవలేదు. ఆరు నిమిషాలు. ఫోన్లో చూశాను. ఆరో నిమిషంలో లేచింది.

ఆ రోజు ఫిట్స్ రాలేదు. డాక్టరు మందిచ్చాడు, సాయంత్రానికి వేడి తగ్గింది. ఇంటికి వచ్చి పాపను పడుకోబెట్టి నేను అన్నాను.

"పాత ఇనుముకు ఇచ్చేయ్ ఆ బండి."

"ఇచ్చేస్తే రేపు జ్వరమొస్తే దేని మీద పోతాం?"

"ఆగే బండి ఉండేదానికంటే లేకపోవడమే మేలు. లేదని తెలిస్తే వేరే దారి సూసుకుంటాం. ఉండాదని నమ్ముకొని దావలో నిలబడినాం గదా."

ఆయన వాకిట్లో ఉన్న బండి వైపు చూశాడు. ఆ బండి మీదే నన్ను సినిమాకు తీసుకుపోయాడు. కాన్పుకు పుట్టింటికి పోయినప్పుడు ప్రతి ఆదివారం ఆ బండి మీదే వచ్చాడు. అవి ఏవీ అనలేదు. "ఒక్కసారి సూపిస్తా. ఆదోనిలో ఒక ముసలి మేస్త్రి ఉన్నాడంట, కార్బొరేటర్లు తప్ప ఇంకోటి ముట్టుకోడంట. ఆయన గూడా కాదంటే, ఆడనే ఇనుముకు ఇచ్చి బస్సులో వస్తా."

"నేనూ వస్తా," అన్నాను. పాపను, నోటుబుక్కును తీసుకుని పోయాను.

ఆ మేస్త్రి గోనెసంచి పరుచుకుని కూర్చుని ఉన్నాడు. కళ్లజోడు ఒక వైపు విరిగితే దారం కట్టుకున్నాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, వంగి కార్బొరేటరు చూసి, తల పట్టుకున్నాడు.

"యా అల్లా! ఈ స్క్రూ ఎవరు తిప్పినారప్పా? గడియారానికి కీ ఇచ్చినట్ల తిప్పినారే!"

మా ఆయన నా వైపు చూశాడు. నేను పాప జడ సర్దాను.

"ఎప్పుడు ఆగుతాది?" అని అడిగాడు మేస్త్రి.

"ఎప్పుడంటే అప్పుడు ఆగుతాది భాయ్," అన్నాడు మా ఆయన.

"ఎప్పుడంటే అప్పుడు కాదు," అని నేను నోటుబుక్కు తెరిచాను. మేస్త్రి కళ్లజోడు పైనుంచి నన్ను చూశాడు. "టీచరమ్మవా బేటీ?" కాదన్నాను. డిగ్రీ చదివాను, ఇంటి దగ్గర పిల్లలకు ట్యూషన్ చెబుతాను అన్నాను. "సరే, సదువు," అని తన పనిలో పడ్డాడు. నేను చదువుతుంటే వింటున్నాడో లేదో తెలియలేదు. ఫలానా చోట, తొమ్మిది కిలోమీటర్లకు. ఫలానా చోట, ఎనిమిదికి. ట్యాంకు సగం ఉన్న రోజు, నాలుగుకే. నిండా పోయించిన రోజు, పొలిమేరలోనే.

మేస్త్రి చెయ్యి ఆగింది.

"మళ్లా సదువు, ఆ కడాది."

"నిండా ఉన్నప్పుడు తొందరగా ఆగింది. కారణం తెలియదు."

"ఆగినంక ఏం చేస్తావప్పా?" అని మా ఆయనను అడిగాడు.

"మూత తీసి పెట్రోలు ఉండాదా అని సూస్తా."

"తీసినప్పుడు సప్పుడొస్తాదా?"

"సుయ్ అంటాది. ఎండకు గ్యాసు పడతాది గదా భాయ్."

"గ్యాసు నీ తలకాయలో ఉండాది," అని మేస్త్రి లేచి, మూత తీసి తిరగేశాడు. గోటితో నా రబ్బరు బిళ్లను లేపాడు. దాని కింద, మూత నడుమ, సూది మొనంత బొక్క ఉంది. నేను ఎన్నడూ చూడని బొక్క.

"ఇది ఎవరు ఏసినారు?"

"నేనే," అన్నాను.

మేస్త్రి కోప్పడలేదు. "బేటీ, నూనె డబ్బాకు కొట్టులో రెండు బొక్కలు ఎందుకు కొడతారు?"

ఇంక చెప్పనక్కర్లేదు. ఒకదాంట్లో నుంచి నూనె వస్తుంది, రెండోదాంట్లో నుంచి గాలి పోతుంది. గాలి పోకపోతే నూనె రాదు. ఈ పాఠం ట్యూషన్లో పిల్లలకు గ్లాసులో స్ట్రా పెట్టి, పైన వేలు మూసి, నేనే చూపించాను. ట్యాంకులో పెట్రోలు తగ్గే కొద్దీ దాని చోటులోకి గాలి రావాలి. వచ్చే దారిని నేను మూసేశాను. లోపల ఉన్న కాస్త గాలీ సాగినంత సేపు బండి పోయేది. నిండా పోయిస్తే ఆ కాస్తా కూడా లేదు. మా ఆయన మూత తీసినప్పుడల్లా గాలి లోపలికి పోయి, బండి లేచేది. షాపు ముందర నిలబెట్టినప్పుడు పెట్రోలు తగ్గేది కొంచెమే కాబట్టి ఆగేది కాదు. నాలుగు ఆదివారాలు ఊడదీసి కడిగిన కార్బొరేటరుకు ఏ జబ్బూ లేదు.

కానుగ చెట్టు కింద ఆ ఆరు నిమిషాలు నేనే తెచ్చి పెట్టుకున్నానన్న మాట. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మా ఆయన ముఖం వైపు చూడలేక పాప చొక్కా గుండీ పెడుతూ ఉండిపోయాను.

మా ఆయన పక్కకు వచ్చాడు. "ముక్కూ నోరూ మూసి పరిగెత్తమంటే ఎట్ల పరిగెత్తుతాది మే పాపం," అన్నాడు మెల్లగా. తర్వాత, "నేను దినామూ ఆ మూత తీసి మూసినోణ్ణి. నాకు కనపడిందా? బాగుండాది అని మెచ్చుకున్న్యా గదా," అన్నాడు.

మేస్త్రి ఆ రబ్బరును పారేస్తాడనుకున్నాను. పారేయలేదు. చెక్కముక్క మీద పెట్టి, సన్నని ఉలితో నడుమ చిన్న బొక్క కొట్టి, మళ్లీ మూతలోనే పెట్టాడు. "కోత మంచిగుండాది. దూది రాకూడదని ఏసినావు, తప్పేముండాది? గాలికి దావ ఇడిస్తే సాలు."

ఇక స్క్రూల పని మిగిలింది. ఏ జబ్బూ లేని కార్బొరేటరును మేమే కదిలించి పాడుచేశాం కదా. బండి వేడెక్కేదాకా ఆన్‌లో ఉంచి, రైజింగ్ తగ్గించి, గాలి స్క్రూను అంతా లోపలికి తిప్పి, అక్కడి నుంచి ఒకటిన్నర చుట్టు బయటికి తెచ్చాడు. ఒక చెవి ఇంజను వైపు పెట్టి కాసేపు విన్నాడు. తర్వాత స్క్రూడ్రైవరు నా చేతికి ఇచ్చాడు.

"నాకు ఇప్పుడు సరిగ్గా ఇనపడదు బేటీ. నువ్వు పట్టు. కొంచిం లోపలికి పోతే ఆయాసపడతాది. కొంచిం బయటికొస్తే తడబడతాది. నడుమ ఒక సోట ఉండాది. నిద్రపోయే బిడ్డ మాదిరి ఉండాల సప్పుడు. ఆడ ఇడిసిపెట్టు."

పాపను మా ఆయనకు ఇచ్చి కూర్చున్నాను. నిద్రపోయే బిడ్డ చప్పుడు నాకు ఇంకొకరు చెప్పాలా? రెండేళ్లుగా నా పని అదే. దాని ముక్కు దగ్గర వేలు పెట్టి, ఊపిరి ఎట్లా ఉందో చూసుకుంటూ పడుకోవడం. ఈ మాటలు రాస్తున్నప్పుడు కూడా ఒక చెవి అటే ఉంది. ఆ రోజు జనం, ఆటోలు, పక్క కొట్టులో రేడియో, అన్నిటి నడుమ నుంచి నాకు ఆ ఇంజను చప్పుడు ఒక్కటే వినిపించింది. వెంట్రుకవాసి తిప్పాను. ఆయాసం. వెనక్కి తిప్పాను. తడబాటు. మళ్లీ ముందుకు, ఇంకా కొంచెం వెనక్కి. ఉన్నట్టుండి ఒక దగ్గర చప్పుడు సాఫీ అయ్యింది. ఒకదాని వెంట ఒకటి, ఏదీ తొందరపడకుండా.

"ఈడ," అన్నాను.

మేస్త్రి అటు కొంచెం ఇటు కొంచెం తిప్పి చూసి, మళ్లీ నేను వదిలిన చోటికే తెచ్చాడు. "ఈడనే."

"నెల దినాలు తిప్పినా నాకు దొరకలేదు భాయ్," అన్నాడు మా ఆయన.

"నీకు సేతులుండాయి, సెవులు లేవప్పా."

ఇంటికి వచ్చాక మా అత్త అంతా విని, ట్యాంకు మూత తీయించి ఆ బొక్క చూసింది. "ఇంత బొక్క కోసరమా నా తట్టలో పెట్రోలు పోసినారు?" అంది.

ఆ తర్వాత బండి ఆగలేదు. నోటుబుక్కు వెనక పేజీల్లో తేదీలు వేసి, ఎదురుగా ఏమీ రాయకుండా వదిలేస్తూ వచ్చాను. అయినా నాకు నమ్మకం కుదరలేదు. ఆయన ఒక్కడే పోయి వస్తున్నది వేరు. పాపతో పోవడం వేరు.

పత్తి సీజను అయిపోతుండగా ఒక పొద్దున మళ్లీ జ్వరం వచ్చింది. మందు పట్టాను, గుడ్డలు వదులు చేశాను, బయలుదేరాం. పాప మా ఇద్దరి నడుమ. కానుగ చెట్టు వచ్చింది, పోయింది. నేను ఇంజనునే వింటున్నాను. ఇంకొంత దూరంలో రోడ్డుకు అడ్డంగా గొర్రెల మంద. ముందు నాలుగు, తర్వాత నలభై, తర్వాత అంతు తెలియలేదు. పక్కన ఆగిన లారీవాడు ఇంజను ఆపేశాడు. మా ఆయన ఆపలేదు. రైజింగ్ ఇస్తూ, నా కోసమే, బండి చావకుండా పట్టుకుని కూర్చున్నాడు. పొగ మా మీదికే వస్తోంది. పాప ముఖం అటూ ఇటూ తిప్పుతోంది.

"ఆపు," అన్నాను.

ఆయన వెనక్కి తిరిగాడు. "ఆపాల్నా?"

"ఆపు. పాప గొర్రెల్ని సూస్తాది."

తాళం తిప్పాడు. ఒక్కసారిగా అంతా నిశ్శబ్దం, గిట్టల చప్పుడు తప్ప. పాప ఎర్రబడ్డ కళ్లతోనే వాటిని చూసి, వేలు చాపి, "బా," అంది. చెయ్యి వేడిగానే ఉంది, కానీ వేలు నిటారుగా చాపింది. చివరన గొర్రెలాయన భుజం మీద ఒక పిల్లను వేసుకుని పోతూ పాపను చూసి నవ్వాడు.

రోడ్డు ఖాళీ అయ్యింది. ఆయన కిక్కు కొట్టాడు. మొదటిదానికి లేవలేదు. భయపడ్డాను, అబద్ధం ఎందుకు. రెండోదానికి లేచింది. పాప నా రొమ్ము మీద తల ఆనించి కళ్లు మూసుకుంది. ఎండ ముదరకముందే డాక్టరు ఎదురుగా కూర్చున్నాం.